ధర్మనిధి రాసే ముందు

అమ్మాయ్, గ్రాట్యుటీగా వచ్చిన పదిహేను లక్షలూ ఒక్క చెక్కు మీద రాసి కాలేజీకి ఇచ్చెయ్యకు.

ఇవ్వొద్దని కాదు. మీ అమ్మ పేర మన కాలేజీలో ఒక స్కాలర్‌షిప్పు ఉండాలని నీకు పుట్టిన బుద్ధి మంచి బుద్ధి. మీ పిన్ని అప్పుడే వీధిలో నలుగురికీ చెప్పేసింది కాబట్టి ఇక వెనక్కి తగ్గే దారి కూడా నీకు లేదు. నేను చెప్పేదల్లా ఒకటే. ముందు ఓ నాలుగైదేళ్లు ఆ స్కాలర్‌షిప్పును నీ చేత్తో నడిపి చూడు. ఆ నడపడంలో నీకు తెలిసొచ్చినదాన్ని బట్టి అసలు సొమ్మును వీలునామాలో రాయి. మనం పోయాక కూడా డబ్బు సవ్యంగా పనిచెయ్యాలంటే, అది ఎలా పనిచేస్తుందో మనం ఉండగానే చూసుకోవాలి.

నేను లెక్చరర్ని కాను, ప్రిన్సిపాల్ని కాను. ఆ కాలేజీలోనే గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి. దాతల ఫొటోలు ప్రిన్సిపాల్ గారి గదిలో గోడకు ఉండేవి. వాళ్లిచ్చిన డబ్బు ఏమవుతోందన్న లెడ్జరు మాత్రం నా బల్ల మీద ఉండేది. ఎవరో ఒకాయన తండ్రి పేరు మీద బి.ఎస్సీ.లో మొదట వచ్చినవాడికి ఏటా బంగారు పతకం ఇమ్మని ఆ రోజుల్లోనే అయిదు వేలు కట్టాడు. అప్పటికి అది పెద్ద మొత్తం, ఆయన మనసూ పెద్దదే. కొన్నేళ్లు నిజంగానే బంగారం ఇచ్చారు. తర్వాత వెండి మీద బంగారు పూత పూయించారు. ఆ తర్వాత ఒట్టి పూతే మిగిలింది. ఇవాళ ఆ వడ్డీతో పతకం కాదు, పతకానికి కట్టే రిబ్బను వస్తుంది. అందులో ఎవరూ తిన్నదేమీ లేదమ్మా. అసలు కదలకుండా పడి ఉంది, ధరలు మాత్రం నడిచి వెళ్లిపోయాయి.

లెక్కలు చెప్పిన టీచరువి, నీకు నేను లెక్క చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా చెబుతాను. అయిదు లక్షలు ఏడు శాతానికి వేశావనుకో, ఏటా ముప్పై అయిదు వేలు వస్తాయి. ఆ ముప్పై అయిదూ ఏ ఏటికాయేడు పంచేస్తే, ధరలు ఏడాదికి అయిదు శాతం చొప్పున పెరిగాయనుకున్నా, ఇరవై ఏళ్లకు ఆ ముప్పై అయిదు వేలు ఇవాళ్టి పదమూడు వేలకు సమానం. అలా కాకుండా నాలుగు శాతమే పంచి, మూడు శాతం అసల్లో కలుపుతూ పోతే, మొదటి ఏడు ఇచ్చేది ఇరవై వేలే. కాని ఇరవై ఏళ్లకు అసలు తొమ్మిది లక్షలు దాటుతుంది, పంచేది ముప్పై ఆరు వేలవుతుంది. ‘వచ్చిన వడ్డీ అంతా పంచవలెను’ అని దస్తావేజులో రాయించుకున్న ధర్మనిధులన్నీ ఇలాగే చిక్కిపోయాయి. నువ్వు ఆ వాక్యం రాయకు. వడ్డీలో ఎంత పంచాలో, ఎంత అసలుకు కలపాలో విడివిడిగా రాయి.

వడ్డీ రేటును కూడా నమ్ముకోకు. మీ పెళ్లి నాటి కాలంలో కిసాన్ వికాస్ పత్రం అయిదున్నరేళ్లలో రెట్టింపయ్యేది. ఇప్పుడు అదే పత్రానికి 115 నెలలు పడుతోంది. పోస్టాఫీసు అదే, కౌంటరు అదే.

మీ అమ్మాయి డాలస్ నుంచి ఫోను చేసి ‘ప్లాన్డ్ గివింగ్’ అందని చెప్పావు. అక్కడ చాలా యూనివర్సిటీల్లో దానికో ఆఫీసు ఉంటుంది. ఉన్న ఆస్తిని బతికుండగా అనుభవించి, తదనంతరం ఇంత కాలేజీకి, ఇంత పిల్లలకు అని ముందే కాగితం రాసి పెట్టుకోవడం వాళ్లకు మామూలు. అక్కడ పోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ పన్ను బాధ కూడా ఒకటుంది, పెద్ద ఆస్తులవాళ్లు అందుకోసమూ రాస్తారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. అంచేత పన్ను భయంతో రాయాల్సిన పని నీకు లేదు. ఇష్టం ఉంటే రాస్తావు, లేకపోతే లేదు, అంతే.

ఆ దేశం సంగతి వచ్చింది కాబట్టి ఒకావిడ మాట చెబుతాను. మిసిసిపీ రాష్ట్రంలో హ్యాటీస్‌బర్గ్ అనే ఊళ్లో ఒసియోలా మెకార్టీ అని ఒక నల్లజాతి ముసలమ్మ ఉండేది. ఆరో తరగతిలో ఉండగా పెద్దమ్మకు జబ్బు చేస్తే చాకిరీ కోసం బడి మానేసింది. ఆ మీదట జీవితమంతా ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికింది. పెళ్లి లేదు, పిల్లలు లేరు, కారు లేదు. వచ్చినదాంట్లో కొంత బ్యాంకులో వేసుకుంటూ పోయింది. ఎనభై ఆరేళ్లకు చేతులు కీళ్లనొప్పులతో మొరాయించి పని మానేసేసరికి లక్షల డాలర్లలో ఉంది ఆ సొమ్ము. బ్యాంకు ఆయన బల్ల మీద పది చిన్న నాణేలు పెట్టి, ‘ఇవి నీ డబ్బు మొత్తం అనుకో, ఎవరికెంతో నువ్వే పంచు’ అన్నాడు. ఆవిడ ఒకటి చర్చికి తీసి పెట్టింది. చుట్టాలు ముగ్గురికి తలా ఒకటి పెట్టింది. మిగిలిన ఆరూ సదరన్ మిసిసిపీ యూనివర్సిటీ వైపు తోసింది, పేద పిల్లల చదువుకి. 1995లో ఆ సంగతి బయటపడేసరికి ఆ ఆరు నాణేల విలువ లక్షన్నర డాలర్లు. ఆవిడ పడుచుతనంలో ఆ యూనివర్సిటీ నల్లవాళ్లను గడప తొక్కనిచ్చేది కాదు.

ఈ కథలో నీకు కావలసినవి రెండున్నాయి. ఒకటి, ఆవిడ ఇన్ని డాలర్లని చెప్పలేదు, పదింట ఆరు వంతులంది. నువ్వూ వీలునామాలో ‘పదిహేను లక్షలు’ అని అంకె వెయ్యకు. రేపు మోకాలి ఆపరేషనో, గుండెకు స్టెంటో వస్తే ఆ అంకె ఉండదు. అప్పుడు ఉన్నదంతా కాలేజీకే పోయి పిల్లలకేమీ మిగలకపోవచ్చు, లేదా వాళ్లకూ కాలేజీకీ తగవు పడవచ్చు. ‘నా తదనంతరం నా పేర మిగిలిన నగదులో ఇన్నో వంతు’ అని రాస్తే తగ్గినా పెరిగినా అందరికీ అదే దామాషాలో వస్తుంది. రెండోది, సొమ్ము యూనివర్సిటీకి చేరేది ఆవిడ పోయాకే అయినా, ఊరివాళ్లు పూనుకుని తలాకొంచెం వేసుకుని స్కాలర్‌షిప్పును వెంటనే మొదలుపెట్టించారు. 1999లో ఆవిడ కన్నుమూసేలోగా ఆ డబ్బుతో చదువుకుంటున్న పిల్లను కళ్లారా చూసింది, ఆ పిల్ల ఆవిడ ఇంటికి వస్తూ పోతూ ఉండేది. ఆ భాగ్యం నీకు ఊరివాళ్లు కల్పించక్కర్లేదు, నువ్వే కల్పించుకోగలవు.

ఎలాగంటావా? పదిహేను లక్షలూ నీ పేరు మీదే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వెయ్యి. ముప్పై లక్షల వరకూ పట్టే పథకం అది, ఇప్పుడు 8.2 శాతం ఇస్తోంది. పదిహేను లక్షలకు మూడు నెలలకోసారి 30,750 రూపాయలు నీ ఖాతాలో పడతాయి, ఏడాదికి లక్షా ఇరవై మూడు వేలు. అందులో అరవై వేలు స్కాలర్‌షిప్పుకు తియ్యి. మిగతా సగం పన్నుకో, మందులకో, లేదా మళ్లీ దాచుకోవడానికో. మొదటి ఏడు ఒక పిల్లకు ఇరవై వేలు. రెండో ఏడు ఆ పిల్లకూ, కొత్తగా వచ్చిన ఇంకో పిల్లకూ. మూడో ఏటికి ముగ్గురు. అక్కణ్ణుంచి ఒకరు డిగ్రీ పూర్తి చేసి వెళ్తుంటే ఇంకొకరు చేరుతుంటారు. ఒక ఏడిచ్చి రెండో ఏడు చేతులెత్తేసే స్కాలర్‌షిప్పు కన్నా ఇవ్వకపోవడమే నయం. చేరిన పిల్ల చదువు ముగిసేదాకా నీదే పూచీ అన్నట్టుండాలి.

అసలు మాత్రం నీ పేరు మీదే ఉంటుంది. ఇది స్వార్థం కాదు. చేతిలో నాలుగు రాళ్లున్న ముసలివాళ్లను ఆస్పత్రిలో చూసే తీరు వేరు, కొడుకు ఫోను కోసం ఎదురుచూసేవాళ్లను చూసే తీరు వేరు. మా వీధిలోనే రెండు రకాలూ ఉన్నారు.

ఇక పిల్లను ఎంచడం. కాస్త ఓపిగ్గా చదువు, నేను రాస్తున్నదంతా దీనికోసమే. నువ్వు ‘ప్రతిభావంతురాలైన పేద విద్యార్థినికి’ అని అన్నావు. ప్రతిభ అంటే కాలేజీ ఆఫీసుకు తెలిసేది మార్కుల శాతమే. తొంభై అయిదు శాతం వచ్చిన పిల్లకు ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఊళ్లో రోటరీ వాళ్లుంటారు, కులసంఘం వాళ్లుంటారు, పూర్వ విద్యార్థులుంటారు. ఆ ఒక్క పిల్లకే నాలుగు శాలువాలు కప్పి, నాలుగు చెక్కులిచ్చి నాలుగు ఫొటోలు దిగడం నేను చూశాను. అరవై రెండు శాతంతో ఉన్న పిల్ల వైపు ఎవరూ తిరిగి చూడరు. తెల్లవారే లేచి లంకలోంచి పడవ దాటి, రేవు దగ్గర ఆటో ఎక్కి, ఆ తర్వాత బస్సు పట్టుకుని వచ్చే పిల్లకు అరవై రెండు రావడం ఎలాంటి ప్రతిభో నీకు నేను చెప్పాలా?

హాల్‌టికెట్లు ఇచ్చే రోజున కౌంటర్ లోపల కూర్చునేవాడికి అన్నీ కనబడతాయి. ఫీజు బాకీ లేనివాళ్లు తోసుకుంటూ ముందుకొస్తారు. బాకీ ఉన్నా నోరున్నవాళ్లు గట్టిగా అడుగుతారు, తండ్రిని తెస్తారు, లీడర్ చేత ఫోను చేయిస్తారు. ఒకరో ఇద్దరో ఉంటారు, లైను మొదట్లో వచ్చి కూడా, వెనకవాళ్లకు ‘మీరు తీసుకోండి’ అని జరిగి జరిగి గోడ వారగా నిలబడతారు. చేతిలో పుస్తకం తెరిచి ఉంటుంది, పేజీ మాత్రం తిరగదు. అందరూ వెళ్లాక వచ్చి, ‘సార్, సోమవారం కడతా’ అంటారు. ఆ సోమవారం రాదని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. నీ స్కాలర్‌షిప్పు వెతుక్కుంటూ పోవాల్సింది ఆ గోడ దగ్గరికి. నోటీసుబోర్డు మీద దరఖాస్తులు కోరితే ఆ పిల్ల దరఖాస్తు పెట్టదు. క్లాసులో పాఠం చెప్పే ఇద్దరు లెక్చరర్లనూ, ఫీజు కౌంటర్లో కూర్చునేవాళ్లనూ అడిగితే పేరు చెబుతారు.

మార్కులకు ఒక నిబంధన చాలు, పరీక్షలు మానకుండా రాస్తూ ఉండాలి. ఒక సబ్జెక్టు పోయిందని స్కాలర్‌షిప్పు ఆపించకు. ఏ ఏడు తండ్రికి జబ్బు చేసిందో ఆ ఏడే సబ్జెక్టు పోతుంది, సరిగ్గా ఆ ఏడే డబ్బు కావలసిందీనూ. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు నకలు, గెజిటెడ్ సంతకం అని చాంతాడంత జాబితా పెట్టకు. ఒక్కో కాగితానికి మీసేవా చుట్టూ తిరగడమంటే తండ్రికి ఒక రోజు కూలి పోవడం.

‘ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తోంది కదా’ అని అల్లుడుగారు అన్నారట. ఇస్తోంది, దాని వల్లే వేలమంది గడప దాటారు, కాదనను. కాని అది ఆలస్యమైతే కాలేజీవాళ్లు పిల్లల్ని కట్టమంటారు. కొన్నిచోట్ల బాకీ తీరేదాకా సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు, డిగ్రీ పాసై ఉద్యోగానికి ఒరిజినల్స్ చూపలేక తిరిగినవాళ్లను నేనెరుగుదును. పైగా ఫీజు ఒక్కటే కాదు కదా. పరీక్ష ఫీజు, బస్సు పాసు, మెస్ బిల్లు, పుస్తకాలు, ప్రాక్టికల్ రికార్డులు, ఇప్పుడు ఫోను రీచార్జి. నీ ఇరవై వేలను ‘ట్యూషన్ ఫీజు నిమిత్తం’ అని కట్టెయ్యకుండా ‘చదువుకు సంబంధించిన ఏ ఖర్చుకైనా’ అని వదిలెయ్యి.

ఆ డబ్బు ఏ నెలలో చేతికందుతుందన్నది ఎంత అన్నదానికన్నా ముఖ్యం. మన కాలేజీల్లో స్కాలర్‌షిప్పులన్నీ వార్షికోత్సవం రోజున వేదిక మీద ఇస్తారు, అంటే ఫిబ్రవరిలోనో మార్చిలోనో. అప్పటికి చేరేటప్పటి ఫీజూ అయిపోయింది, మొదటి సెమిస్టరు పరీక్ష ఫీజూ అయిపోయింది. మానేయాల్సినవాళ్లు మానేశారు కూడా. నీ బి.ఎస్సీ. పరీక్ష ఫీజు వేళకు ఇంట్లో ధాన్యం ఇంకా కళ్లంలోనే ఉంది. మా వదిన, అంటే మీ అమ్మ, చెవికమ్మలు కొంగున ముడివేసుకుని షావుకారు కొట్టుకు వెళ్లింది. అన్నయ్యకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. పంట డబ్బు సంక్రాంతికి వచ్చింది, కమ్మలు మళ్లీ చెవికెక్కాయి. నీకు కావలసిన డబ్బు ఇంట్లో లేక కాదు, ఆ వారానికి లేక. అందుకని వదిన పేరు మీది డబ్బు రెండు భాగాలుగా ఇయ్యి. సగం చేరికల వేళకి, సగం పరీక్ష ఫీజు గడువుకు ముందు. పిల్ల బ్యాంకు ఖాతాలో నేరుగా పడాలి. వేదిక, శాలువా, అట్టతో చేసిన అంత పెద్ద చెక్కు అక్కర్లేదు. పేదరికానికి మైకులో పేరు పిలిపించుకోవడం ఏ పిల్లకూ ఇష్టముండదు.

‘మనవాళ్ల పిల్లలకే’ అని పెట్టమని మీ పెదనాన్న కొడుకు అంటున్నాడని విన్నాను. పెట్టకు. ఒక కులానికో, ఒక మతానికో పరిమితమైన సంస్థకు మనమంతా 80జి అని పిలిచే పన్ను మినహాయింపు దగ్గర చిక్కొస్తుంది, అది ఒక సంగతి. అసలు సంగతి, నీ క్లాసులో నలభై మంది కూర్చుంటే నువ్వెప్పుడైనా అలా విడదీసి పాఠం చెప్పావా? ఆడపిల్లలకు అని పెట్టుకో, లంకల నుంచీ పల్లెల నుంచీ వచ్చేవాళ్లకు మొదటి అవకాశం అని పెట్టుకో, చాలు. షరతులు ఎంత తక్కువుంటే నిధి అంత ఎక్కువకాలం బతుకుతుంది. ‘బి.ఎస్సీ. వృక్షశాస్త్రం చదివే విద్యార్థినికి’ అని రాసి పెట్టిన నిధి ఒకటుంది నా లెడ్జరులో. ఆ గ్రూపు తీసేశారు, డబ్బు ఎవరికీ ఇవ్వడానికి లేకుండా కూర్చుంది. అలాంటిది మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టుకెక్కాలి. ‘ఈ పని వీలుకాకపోతే దీనికి దగ్గరగా ఉన్న ఫలానా పనికి వాడుకోవచ్చు’ అని ఒక్క వాక్యం ముందే రాస్తే ఆ గొడవ లేదు.

కాలేజీ కూడా శాశ్వతం కాదమ్మా. 2021లో ఆంధ్రలో ఎయిడెడ్ కాలేజీల విషయంలో ఎంత గందరగోళమైందో చూశావు. ప్రభుత్వంలో కలవాలా, ఎయిడ్ వదులుకుని సొంతంగా నడవాలా అని యాజమాన్యాలు తలలు పట్టుకున్నాయి, కొన్నిచోట్ల తల్లిదండ్రులు రోడ్డెక్కారు. మన కాలేజీ మూతపడితేనో, చేతులు మారితేనో నిధి ఏ సంస్థకు పోవాలో కూడా రాసిపెట్టు.

మన గోదావరి జిల్లాల్లోనే ఇద్దరు పెద్దలున్నారు, ఇద్దరూ ఉపాధ్యాయులే. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. జీతంలో చాలా భాగం పేద విద్యార్థులకే పోయేది. అది ఎదురుగా కనబడిన పిల్లవాడికి, అవసరమైన రోజున, చేత్తో ఇచ్చిన దానం. రాజమండ్రిలో తెలుగు పండితుడుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తినంతా దానికి రాసిచ్చారు. అది తను పోయాక కూడా పని ఆగకూడదని కాగితం మీద చేసిన దానం. వీరేశలింగం గారిలా రాసిచ్చేయడం బాగుందని నువ్వంటావు. నేననేది, ఆయన రాసివ్వడానికి ముందు దశాబ్దాల తరబడి ఆ బడులూ ఆ శరణాలయాలూ తనే నడిపారు. ఏ పనికి ఎంత పడుతుందో, ఎవరు నిలబడతారో, ఎవరు జారుకుంటారో చూసి మరీ రాశారు. నువ్వు మొదట నాయుడు గారిలా ఇవ్వు, తర్వాత పంతులు గారిలా రాయి.

పసుపు కుంకుమ కింద నీకొచ్చిన ఎకరం కూడా కాలేజీకి రాస్తానన్నావు. పొలం వద్దు. జీవితాంతం అనుభవించే హక్కు అట్టేపెట్టుకుని తదనంతరం చెందేలా సెటిల్‌మెంట్ దస్తావేజు రాయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కాని ఒకసారి రిజిస్టరయ్యాక మనసు మారినా వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. పైగా కౌలు ఎవరు వసూలు చేస్తారు? కరస్పాండెంటు గారు గట్టు మీదకు వెళ్తారా? సత్రాలకూ బడులకూ పూర్వం పెద్దలు రాసిచ్చిన భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఊరూరా అడుగు, చెబుతారు. ఆ ఎకరం ఇవ్వాలనే ఉంటే నీ చేత్తో అమ్మి డబ్బు చేసి ఇవ్వు. నా మాటైతే, అది మీ అబ్బాయికీ అమ్మాయికీ వదిలెయ్యి. నగదులో కాలేజీకి పోయే వంతు వాళ్ల మనసుకు పట్టకుండా ఉంటుంది.

పిల్లలకు ముందే చెప్పు. ఇది చట్టం కోసం కాదు. నీ స్వార్జితం నీ ఇష్టం, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాని తల్లి పోయిన పదోరోజున బీరువాలోంచి వీలునామా తీసి చదివితే ఎంత మంచి పిల్లలకైనా చివుక్కుమంటుంది. నువ్వే కూర్చోబెట్టి, అమ్మమ్మ కమ్మల సంగతి చెప్పి, ‘ఇంత వంతు ఇలా పోతుంది’ అను. ముఖం చిట్లిస్తే ఇప్పుడే చిట్లిస్తారు, నువ్వుండగానే సర్దుకుంటారు. డాలస్ అమ్మాయి తనూ కొంత కలుపుతానందంటున్నావు. చాలా సంతోషం. ఆ పిల్ల ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉంటే తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపడానికి అడ్డేమీ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం కింద లెక్క, కాలేజీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకోకూడదు. పంపే ముందు కనుక్కోమను.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. నీ సంతకం, నువ్వు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. తేదీ కూడా వెయ్యి. ఆ సాక్షులు వీలునామాలో లాభపడేవాళ్లు కాకుండా చూసుకో, కాలేజీ ఉద్యోగి ఎవరూ వద్దు. రిజిస్ట్రేషన్ చట్టప్రకారం తప్పనిసరి కాదు గాని మన ప్రాంతంలో చేయించడమే మంచిది, రేపు ఎవరైనా ‘ఇది అమ్మ సంతకం కాదు’ అనడానికి నోరు రాదు. బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. నిన్ను నాలుగైదేళ్లు నడిపి చూడమంటున్నది ఆ ధైర్యంతోనే. కాలేజీని ‘మన ఊరి కాలేజీ’ అని రాయకు, నడిపే సొసైటీ పూర్తి పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ వెయ్యి. అమలుచేసేవాడిగా నీకన్నా చిన్నవాణ్ణి పెట్టు, నన్ను పెట్టకు. నామినీ పేరు రాశాం కదా, ఇక వీలునామా ఎందుకని పోస్టాఫీసులో ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప దానికి హక్కుదారు కాడని 1984లో సుప్రీంకోర్టు జీవితబీమా కేసులో తేల్చింది. అమలుచేసేవాడూ నామినీ ఒకరే అయితే నీ పని ఇంకా తేలిక.

కాలేజీతో ఇప్పుడే రెండు పేజీల ఒప్పందం రాసుకో. పాలకవర్గం తీర్మానం నకలు దానికి జతచేయించు, ఎందుకంటే ప్రిన్సిపాళ్లు మారతారు, తీర్మానం మారదు. పిల్లను ఎంచే ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ మహిళా లెక్చరర్‌గా ఉండాలి. ఏటా జూన్‌లో ఒక కాగితం రావాలి, ఎవరికిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఆ పిల్ల ఎక్కడుంది అని. ఆ కాగితం రెండేళ్లు వరుసగా రాకపోతే నీకు తెలియాల్సింది తెలిసిపోతుంది, వీలునామాలో కాలేజీ పేరు కొట్టేసి ఇంకో కాలేజీ పేరు రాసుకుంటావు. మొత్తం ఇచ్చేసి కూర్చున్నవాళ్లకు ఆ వీలు ఉండదు. ఈలోగా ఇచ్చేదేదైనా చెక్కుతోనో బ్యాంకు ద్వారానో ఇవ్వు, రెండు వేలు మించిన నగదుకు మినహాయింపు రాదు. అసలు నువ్వు కొత్త పన్ను విధానంలో ఉంటే 80జి నీకు వర్తించనే వర్తించదు, ఆడిటర్ మాటలు విని ఆశపడకు.

ఈ జూన్‌కి ఒక పిల్లతో మొదలుపెట్టు. కాలేజీకి వెళ్లినప్పుడు సరాసరి ప్రిన్సిపాల్ గదికి పోతే కాఫీ ఇస్తారు, కూర్చోబెట్టి దాతల ఫొటోలు చూపిస్తారు. ముందు కౌంటర్ దగ్గరికెళ్లి నా పేరు చెప్పు. ఇప్పుడక్కడ కూర్చునే ఆవిడ నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే, పోయినేడు హాల్‌టికెట్ల రోజున గోడ దగ్గర ఎవరు నిలబడ్డారో ఆవిడకు గుర్తుంటుంది. వీలునామా ముసాయిదా రాశాక వకీలుకి చూపించే ముందు నాకోసారి పంపు. కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, అక్షరాలు బాగానే కనబడుతున్నాయి.